అందరికీ కనబడిన వలయం

ఇప్పుడంటే ఫోను తీసి ఆకాశానికేసి పెడితే చాలు, ఏ చుక్క ఏదో అదే చెప్పేస్తోంది. మా కుర్రతనంలో శనిని చూడాలంటే ఇంత సులువా? పంచాంగం తిరగెయ్యాలి, అమ్మని ఒప్పించాలి, మంచులో మెడ పట్టేసేదాకా నిలబడాలి. వీటన్నిటికంటే ముందు ఐపీసు దొరకాలి. టెలిస్కోపు ఎరగనివాళ్ళకి ఒక్క ముక్క చెబుతాను. గొట్టానికి అవతలి చివర, ఆకాశం వైపు ఉండే పెద్ద కటకం వెలుగుని పోగుచేస్తుంది. ఇవతల మనం కన్ను పెట్టే చోట ఉండే చిన్న కటకం ఆ పోగైనదాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. ఆ చిన్నదే ఐపీసు. (మా నాన్న దాన్ని అక్షికటకం అనేవారు. తెలుగు మీడియం మాస్టారు మరి.) దాన్ని ఊడదీసి ఇంకోటి తగిలించుకోవచ్చు. ఒకటి కొంచెమే పెంచి శుభ్రంగా చూపిస్తుంది, ఇంకోటి బాగా పెంచి పాడుగా చూపిస్తుంది. ఏది పెట్టాలన్నదే అసలు గొడవ, ఆ గొడవలో మా ఇల్లంతా పడింది. నవ్వొచ్చే సంగతులే చెబుదామని కూర్చున్నాను గాని, మధ్యలో నా గొంతు మారితే ఏమీ అనుకోకండి.

మా నాన్న కంకిపాడులో సైన్సు మాస్టారు. ఆ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో మీసాలొచ్చిన ప్రతివాడూ ఒకప్పుడు ఆయన చేత చెవి మెలిపెట్టించుకున్నవాడే. రిటైరైన కొత్తలోనే ఆయన కళ్ళు పాడయ్యాయి. మొదట్లో మేమెవరం పట్టించుకోలేదు. పక్క నుంచి సైకిలొస్తే గుద్దించుకునేవారు. పీట తన్నుకుని, "నడిచే దారిలో పెట్టిందెవరే?" అని అమ్మ మీద ఎగిరేవారు. పీట ఎప్పుడూ ఉండే చోటే ఉండేది పాపం. బెజవాడ తీసుకెళ్ళి కళ్ళ డాక్టరుగారికి చూపిస్తే నీటికాసులన్నారు (ఇప్పుడు గ్లకోమా అంటున్నారు). పక్క చూపు అప్పటికే పోయిందట, మధ్యలో మిగిలిన కాస్తా కూడా ఇక ఎన్నాళ్ళో ఉండదట. ఆ డాక్టరుగారికి మాటలు చుట్టూ తిప్పడం రాదు. "మాస్టారూ, చుక్కల మందు వేసుకోండి. పోయిన చూపు వెనక్కి రాదు. చూడాలనుకున్నవి ఏవన్నా ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి" అనేశారు.

ఇంటికొచ్చాక అమ్మ కాళ్ళు కూడా కడుక్కోకుండా, "ఏవండీ, తిరపతి వెళ్ళొద్దాం. కళ్ళారా స్వామిని చూద్దురుగాని" అంది. నాన్న కండువా దండెం మీద వేసి, "స్వామిని రెండుసార్లు చూశాను కదే. నేను శనిని చూడాలి" అన్నారు. అమ్మ గడప మీదే కూలబడింది. కావాలని ఎదురెళ్ళి శనిని చూస్తానన్న మనిషిని ఆవిడ జన్మలో చూడలేదు. ఎవరి మొహాన్నైనా శని తిరిగితే నువ్వులు దానం చేసి, దీపాలు పెట్టి, నాయనా ఇటు చూడకు అని దణ్ణం పెట్టుకుంటారు గాని, గొట్టం పెట్టి వెతుక్కుంటారా? "ఉన్న శని చాల్లేదా మనకి!" అని ముక్కు చీదేసింది. నాన్న మెల్లిగా, నాతో చెబుతున్నట్టుగా అన్నారు: "ఇన్నేళ్ళూ బోర్డు మీద గుండ్రం గీసి, చుట్టూ వలయం గీసి, ఇదర్రా శని అని చెప్పాను. ఒక్కసారన్నా చూశానా? చూసినట్టే చెప్పాను. వాళ్ళూ నమ్మి పరీక్షల్లో రాశారు. ఒక్కసారి నా కంటితో చూస్తే, నేను చెప్పింది అబద్ధం కాదని నాకు తెలుస్తుందిరా."

అప్పటికి నేను బెజవాడలో ఒక కాలేజీలో ఫిజిక్సు డెమాన్‌స్ట్రేటర్ని. కొత్త ఉద్యోగం, కొత్త బెల్‌బాటం ప్యాంటు, నాకు తెలియని సంగతి భూమ్మీద లేదన్న నమ్మకం. మా లాబ్ అటక మీద ఓ పాత టెలిస్కోపు ఉండేది. ముందు కటకం నిక్షేపంలా ఉంది, ఐపీసు మాత్రం లేదు. ప్రిన్సిపాలుగారినడిగితే, "పట్టుకెళ్ళవయ్యా, మా అటక మీద బూజన్నా తగ్గుతుంది" అన్నారు. బందరు బస్సు టాపు మీద అరటిగెలల మధ్య దాన్ని పడుకోబెట్టి ఊరు చేర్చాను. కండక్టరు నన్ను ఆపి, "ఏం మోటారు గొట్టమండీ ఇది? ఇంత సన్నదైతే నీళ్ళేం లాగుతుంది?" అని జాలిపడ్డాడు. శని అప్పటికి సూర్యుడి చాటున ఉన్నాడు. కార్తీకంలో తెల్లవారుజామున తూర్పున వస్తాడని నాన్న పంచాంగం చూసి లెక్కగట్టారు. ఈలోగా ఐపీసు సంపాదించాలి.

మొదటిది మా బాబాయి తెచ్చాడు. ఆయనది కాలవల ఆఫీసు. కాలవ గట్ల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ అనే యంత్రం ఒకటి పాడైతే తుక్కు కింద వేలం వేశారట, దాని కన్ను పెట్టే భాగం ఊడదీసి జేబులో వేసుకొచ్చాడు. "అన్నయ్యా, ఇది తూము మీద కూర్చున్న పిట్ట కళ్ళు కూడా చూపిస్తుంది" అని గొప్పలు పోయాడు. దానికి మేం కాలవ కటకం అని పేరు పెట్టాం. అది కొంచెమే పెంచేది, కాని ఎంత శుభ్రంగా చూపించేదో! నాకు మాత్రం ఆనలేదు. ఆ వయసులో ఏదైనా పెద్దదైతేనే మంచిది. గవర్నరుపేటలో కళ్ళజోళ్ళ కొట్టాయన ఒకాయన ఉండేవాడు (ఆయన కళ్ళద్దాలు ఎంత మందమంటే, మేం ఆయన్ని సోడాబుడ్డిగారనే పిలిచేవాళ్ళం). ఆయన దగ్గరికెళ్ళి ఇంకో ఐపీసు కావాలన్నాను. "ఎంత పెంచాలండీ?" అన్నాడు. "ఎంత పెంచగలిగితే అంత పెంచండి" అన్నాను. బియ్యం కొట్లో కూడా అలా అడిగితే నవ్వుతారు. సోడాబుడ్డిగారు మాత్రం నవ్వకుండా, శనగబద్దలంత కటకాలు రెండు ఏరి, పాత టార్చిలైటు మెడలో లక్కతో అతికించి ఇచ్చాడు. దాని పేరు కొట్టు కటకం.

ఒకనాటి సాయంత్రం డాబా మీద చందమామ మీద మొదటి పరీక్ష పెట్టాం. మా పక్కింట్లో పాస్టరుగారి కుటుంబం ఉండేది. పాస్టరమ్మగారంటే అమ్మకి ప్రాణం. పచ్చళ్ళూ పలహారాలూ పిట్టగోడ మీదుగానే నడిచేవి. ఆవిడ్ని కూడా పిలిచాం. కాలవ కటకంలో కన్ను పెట్టగానే ఆవిడ "స్తోత్రం!" అని కేకేసి రెండు చేతులూ జోడించారు. "చంద్రుడి మీద సిలువ ఉంది వదినగారూ!" అన్నారు. అమ్మ బెదిరిపోయి నా వంక చూసింది. నిజంగానే ఉంది సిలువ. లెవెల్ యంత్రంలో గురి చూసుకోడానికి నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి సన్నని గీతలుంటాయి, మా బాబాయి వాటితో సహా పీకుకొచ్చాడు. నేను భౌతికశాస్త్రమంతా ఉపయోగించి అరగంట వివరించాను. ఆవిడ ఓపిగ్గా విని, "తెలిసింది బాబూ, అవి కాలవ ఆఫీసు గీతలే. అయినా ఎంత బాగుందో! ఇంకోసారి చూస్తా" అన్నారు. ఆవిడ తనివితీరా చూశాక గీతలున్న ఆ రింగు తీసేశాను.

ఇక అమ్మ. ఏ ఐపీసు పెట్టాలన్న విషయంలో ఆవిడకి మాకెవ్వరికీ లేని శాస్త్రం ఉండేది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "ఒరేయ్, దేంట్లో ఆయన ఎక్కువ దగ్గరకొస్తాడు?" అంది. ఆయనంటే శని. కొట్టు కటకంలో అన్నాను. "అయితే అది వద్దు. కాలవదే పెట్టు. అక్కడే ఉండి కనబడనీ, ఇంటి మీదికి లాక్కురావడమెందుకు?" అంది. నాన్న పొలమారేదాకా నవ్వారు. డాక్టరు మాట విన్నాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి అమ్మ కళ్ళు తుడుచుకుని, "సరే, మీ ఇష్టం. పాస్టరమ్మగారు ముందు చూస్తే మాత్రం నేనొప్పుకుంటాను. వాళ్ళకి శని పట్టడు" అంది. గోడవతలి నుంచి పాస్టరమ్మగారు, "అలాగే వదినగారూ, మీకోసం నేను చూడనూ!" అన్నారు. ఒక ఇంటి గండం ఇంకో ఇంట్లోవాళ్ళు అంత సంతోషంగా మోస్తామనడం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

కార్తీకం వచ్చింది. అమ్మా, పాస్టరమ్మగారూ మామూలుగానే చీకటితో లేచేవారు, ఒకరు కాలవ స్నానానికీ, ఒకరు ప్రార్థనకీ. ఆ రోజు ఇద్దరూ డాబా ఎక్కారు. మంచు పిట్టగోడ మీద నీళ్ళలా కారుతోంది. నాన్న మఫ్లరు చుట్టుకుని, బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్న రోజులా తెల్లబట్టలు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ముందు కాలవ కటకం పెట్టి గురుడి వైపు తిప్పాను. నాన్న చాలాసేపు కన్ను తియ్యలేదు. "పక్కన చుక్కలున్నాయిరా! అటు రెండు, ఇటు ఒకటి. అవి ఉపగ్రహాలే! పాఠంలో ఉన్నట్టే ఉన్నాయిరా!" అని నా భుజం పట్టుకుని ఊపేశారు. నాకూ కళ్ళు చెమర్చాయి. సరే, ఇక శని. కిందికి దించి శనిని పట్టుకుని ముందు నేను చూశాను. గుండ్రంగా ఉంది, అంతే. కాలవ కటకానికి అంత శక్తి లేదులే అనుకుని, అమ్మ వద్దంటున్నా కొట్టు కటకం తగిలించాను. అబ్బ! పెద్దగా, రెండు పక్కలా చెవులు సాగినట్టుగా, కాస్త మసగ్గా కనబడింది. "వలయం!" అని అరిచాను. పాస్టరమ్మగారు మాట ప్రకారం ముందుకొచ్చి చూసి, "అవును బాబూ, అటూ ఇటూ ఉంది, దేవునికి మహిమ" అన్నారు. అమ్మ వణుకుతూ, లోపల ఏదో జపిస్తూ, ఒంటికన్నుతో చూసి, "ఉందండీ! చుట్టూతా ఉంది! రండి, మీరూ చూడండి!" అని నాన్న చెయ్యి పట్టుకుని లాగింది.

నాన్న వంగారు. ఎంతోసేపు చూశారు. "ఏదో అలుక్కుపోయినట్టుందిరా. కాలవది పెట్టు" అన్నారు. పెట్టాను. మళ్ళీ చూశారు. కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. "గుండ్రం. చుట్టూ ఏమీ లేదు" అన్నారు. "సరిగ్గా చూడండి, ఉంది" అంది అమ్మ. ఆయన మళ్ళీ కొట్టు కటకం పెట్టించుకున్నారు, మళ్ళీ కాలవది. ఆకాశం తెల్లబడిపోతోంది. చివరికి నిటారుగా నిలబడి, తరగతిలో లెక్క తేల్చినట్టు నెమ్మదిగా అన్నారు: "మీ ముగ్గురికీ కనబడింది. నాకొక్కడికే కనబడలేదు. అంటే తప్పు నా కంటిదేరా. అయిపోయింది." అమ్మ స్నానానికి వెళ్ళడం కూడా మరిచిపోయింది. గురుడి పక్కన నలకల్లాంటి చుక్కలు చూసిన కన్ను శని వలయాన్ని చూడలేకపోవడమేమిటని మాలో ఒక్కరికంటే ఒక్కరికి తోచలేదు. ఫిజిక్సు చదివిన వెధవని నేనూ అక్కడే ఉన్నాను.

ఆ రోజు నుంచీ నాన్న గుడ్డితనం ప్రాక్టీసు చెయ్యడం మొదలెట్టారు. నేను వేళాకోళానికి అనడం లేదు, ఆయన వాడిన మాటే అది. "ఎలాగూ రాసేదే కదా పరీక్ష, ముందే చదువుకుంటే మంచిది" అనేవారు. కళ్ళజోడు బీరువాలో పెట్టించేశారు. పేపరు మానేశారు. కాలవ గట్టు మీద షికారు మానేశారు. కళ్ళు మూసుకుని, గోడ తడుముకుంటూ, హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి నూతి దగ్గరకి తిరిగేవారు. నేను ఆదివారాలు వస్తే నాకు ప్రదర్శన ఇచ్చేవారు. కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టినా వాసనని బట్టి పట్టేసేవారు. ఒకసారి అలాగే నమ్మకంగా చెయ్యి చాపి పాస్టరమ్మగారి పిల్లిని ఎత్తుకున్నారు, అది రక్కింది. అందరం పడీపడీ నవ్వాం. అమ్మ నవ్వుతూనే లేచి లోపలికెళ్ళింది, ఎంతసేపటికీ రాలేదు. "కళ్ళు తెరవండి, ఉన్నంతవరకూ చూడొచ్చు కదా" అని ఆవిడ బతిమాలితే, "ఉన్నదేవిటో ఆ రోజే తేలిపోయింది కదే. సగం సగం చూసి బాధపడేకంటే ఇదే నయం" అనేవారు. చలికాలం అలా గడిచింది. ఎండలు ముదిరాక ఒకనాడు డాక్టరుగారు లైటు వేసి చూసి, ఇక ఏమీ లేదన్నారు. చూపు ఏ రోజున పోయిందో మాకు తెలియదు. ఆయనకీ తెలియదు.

కొన్నేళ్ళకి నా ఉద్యోగం పర్మనెంటయ్యాక, టెలిస్కోపుని మళ్ళీ బెజవాడ చేర్చి, మద్రాసు నుంచి అసలు సిసలు ఐపీసు ఒకటి తెప్పించుకున్నాను. శని మీద పెట్టాను. గీసినట్టు వలయం! గోళానికీ దానికీ మధ్య నల్లటి సందుతో సహా. మేం చూసిన చెవులకీ దీనికీ పోలికే లేదు. అనుమానం వచ్చి పాత డబ్బాలోంచి కొట్టు కటకం తీసి తగిలించాను. మళ్ళీ అవే చెవులు. పక్కనున్న మామూలు నక్షత్రం మీద పెట్టాను. దానికీ చెవులే. ఎదురింటి వీధిదీపం మీద పెడితే దానికీ అటొకటి ఇటొకటి చెవులే. సోడాబుడ్డిగారి చలవ వల్ల లోకంలో ప్రతిదానికీ వలయం ఉంది! కాలవ కటకంతో చూస్తే మాత్రం ఈసారి వలయం చిన్నదిగానైనా చక్కగా కనబడింది. మరి ఆ కార్తీకంలో దాంట్లో ఎందుకు కనబడలేదు? కాలేజీ లైబ్రరీలో వెతికితే జవాబు దొరికింది. శని వలయం కాగితమంత పల్చనట. కొన్నేళ్ళకోసారి అది మనకేసి అంచు తిప్పుతుందట, అప్పుడు ఎంత గొప్ప ఐపీసు పెట్టినా మనబోటివాళ్ళకి కనబడదట. మా కార్తీకం సరిగ్గా అప్పుడే వచ్చింది. పంచాంగంలో శని ఏ రాశిలో ఉన్నాడో ఉంటుంది గాని, వలయం ఎటు తిరిగి ఉందో ఉండదు కదా.

మర్నాడే కంకిపాడు బస్సెక్కాను. నాన్న వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు, అమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. "నాన్నా, ఆ రోజు వలయం కనబడనే కనబడదు. మాకు కనబడింది కటకంలో లోపం. నలుగురిలోనూ ఉన్నదున్నట్టు చూసింది మీరొక్కరే!" అన్నాను. ఆయన మొహం ఎలా వెలిగిందో నేను చెప్పలేను. కుర్చీలో నిటారుగా అయ్యారు. "గుండ్రం అన్నానా లేదా? చుట్టూ ఏమీ లేదన్నానా లేదా?" అని కుర్చీ చేతిమీద చరిచారు. "పాఠంలో లేదురా ఆ ముక్క, ఉంటే నాకు తెలిసేది కాదూ!" అన్నారు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "ఏమే, చుట్టూతా ఉందన్నావు, ఎక్కడిదే నీకు కనబడిన వలయం?" అని నవ్వారు. అమ్మ చిక్కుడుకాయ చేతిలో అలాగే పట్టుకుని, "మీకు కనబడాలని కళ్ళు చించుకుని చూశానండీ. ఏదో ఉన్నట్టే అనిపించింది. ఉందన్నాను" అంది.

ఆయన నవ్వు మెల్లిగా ఆగిపోయింది. "అయితే ఆ చలికాలమంతా నాకు చూపు ఉందన్నమాట" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. మంచి కబురు మోసుకొచ్చానన్న సంబరంలో ఈ సంగతే నాకు తట్టలేదు. ఆయన చెయ్యి గాల్లో తడుముకుంటూ వెళ్ళి అమ్మ తల మీద ఆగింది. "అప్పటికి నీ జుట్టు ఇంకా నల్లగానే ఉండేది కదూ?" అన్నారు. "సగం సగం" అంది అమ్మ. "సగమా!" అన్నారాయన. "నేను నల్లగానే అనుకుంటున్నానే ఇన్నాళ్ళూ." అమ్మ చిక్కుళ్ళ పళ్ళెం పక్కకి నెట్టి ఆయన మోకాలి మీద మొహం దాచుకుంది. నేను మంచినీళ్ళ నెపంతో లోపలికెళ్ళి, కుండ దగ్గర నిలబడి, ఆడదానిలా ఏడవకూడదని ఎవరన్నారో వాళ్ళని తిట్టుకుంటూ ఏడ్చాను.

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయి చాలా కాలమైంది. నాకూ ఇప్పుడు డాక్టరు చుక్కల మందు రాశారు, పరవాలేదు, ఈ రోజుల్లో తొందరగా కనిపెడుతున్నారు. మా కాలనీ డాబా మీద అప్పుడప్పుడు పిల్లలకీ పెద్దలకీ శనిని చూపిస్తుంటాను. కన్ను పెట్టినవాళ్ళంతా మర్యాదకి "ఆహా, కనబడిందండీ" అంటారు. ఎవరైనా ఒకరు బిక్కమొహం వేసి "నాకేం కనబడలేదండీ" అంటే మాత్రం, మిగతావాళ్ళని ఆపేసి, ముందు ఐపీసుని అనుమానిస్తాను. నా ఛాదస్తానికి వెనకాల నవ్వుకుంటారని నాకు తెలుసు. ఇంకో ఛాదస్తం కూడా ఉంది. పొద్దున్న కాఫీ తాగేటప్పుడు పేపరు దించి మా ఆవిడ వంక అలా చూస్తూ కూర్చుంటాను. ఆవిడ చిరాగ్గా, "ఏమిటండీ పెళ్ళిచూపులకొచ్చినట్టు? మొహానికి ఏమన్నా అంటుకుందా?" అంటుంది. "ఏమీ లేదులే" అంటాను. అని, కాఫీ చల్లారిపోతున్నా సరే, ఇంకాసేపు చూస్తాను.